సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు: పాత పికప్‌లో నిప్పురవ్వ చరిత్ర

పాత పికప్‌కు వచ్చే జబ్బుల్లో మనిషిని బాగా విసిగించేది ఒకటుంది. తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది. బ్యాటరీలో బలం ఉంది, ట్యాంకులో పెట్రోలు ఉంది. కానీ ఇంజన్ అందుకోదు. బానెట్ ఎత్తితే చుట్టూ పదిమంది చేరతారు. ఒకరు ప్లగ్గులు మార్చమంటారు, ఇంకొకరు కాయిల్ అంటారు, మరొకరు కార్బురేటర్ విప్పమంటారు. తలా ఒక మాట, బండి మాత్రం అక్కడే.

మేము ఆఫీసులో లెక్కలు రాసే గుమాస్తాలం. పానా పట్టిన చేతులు కావు మావి. కానీ గరాజ్ బిల్లులన్నీ మా బల్ల మీదికే వస్తాయి. ఒకే పికప్‌కు ఒకే నెలలో ముందు ప్లగ్గులు, తర్వాత కాయిల్, ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చిన బిల్లులు వస్తాయి. చివరి బిల్లు మీద మాత్రం 'తెగిన వైరు కలిపాము' అని రెండు రియాళ్లు రాసి ఉంటుంది. ముందు మార్చిన సామాను బాగానే ఉందని అప్పుడు అర్థమవుతుంది. ఆ డబ్బు కంపెనీది కావచ్చు, కానీ మాట పడేది డ్రైవరు. 'నువ్వే చెడగొట్టావు' అనిపించుకుని జీతంలో కోత పడ్డ సోదరులు మన క్యాంపుల్లో ఉన్నారు.

అందుకే ఈ వారం చరిత్ర పేజీలో రాజుల సంగతి పక్కన పెట్టి, నిప్పురవ్వ సంగతి రాస్తున్నాము. దీనికి చరిత్ర ఎందుకు అనుకోవద్దు. ఇగ్నిషన్‌లోని ప్రతి భాగమూ ఏదో ఒక ఇబ్బందికి జవాబుగా పుట్టింది. ఏ ఇబ్బందికి పుట్టిందో తెలిస్తే, అది పాడైనప్పుడు బండి ఎలా ప్రవర్తిస్తుందో కూడా తెలుస్తుంది.

కాయిల్ పుట్టుక

పెట్రోలు ఇంజన్ నడవడానికి గాలి, పెట్రోలు, సమయానికి నిప్పు కావాలి. మొదటి రెండింటినీ తేవడం కొంత తేలిక. సిలిండర్ లోపల, ఒత్తిడి మధ్యన, సరైన క్షణంలో నిప్పు పుట్టించడమే పెద్ద చిక్కు. 12 వోల్టుల బ్యాటరీ ఆ ఖాళీని దాటించి నిప్పురవ్వ దూకించలేదు. దానికి వేల వోల్టులు కావాలి.

ఈ చిక్కుకు దారి చూపినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. ఒక తీగచుట్టలో కరెంటు మారితే పక్కనున్న చుట్టలో కూడా కరెంటు పుడుతుందని ఆయన 1831లో కనిపెట్టాడు. 1836లో ఐర్లండులో నికొలస్ కాలన్ అనే మతగురువు, లావు తీగ మీద సన్న తీగను ఎన్నో చుట్లు చుట్టి, తక్కువ వోల్టుల నుంచి ఎక్కువ వోల్టులు తీసే కాయిల్ చేశాడు. మన పికప్‌లోని ఇగ్నిషన్ కాయిల్ ఆ వంశానిదే. లోపల లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్న తీగ వేల చుట్లు ఉంటుంది. లావు తీగలో పారే కరెంటును ఒక్కసారిగా తెంచితే సన్న తీగలో 20 వేల వోల్టులు, ఒక్కోసారి అంతకు మించి పుడుతుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. కరెంటు పారుతున్నంతసేపు రవ్వ రాదు, దాన్ని తెంచినప్పుడే వస్తుంది. తెంచడం ఎంత చురుగ్గా జరిగితే రవ్వ అంత గట్టిగా ఉంటుంది. అయితే తెంచే చోట కూడా చిన్న మంట లేచి కరెంటును సాగదీస్తుంది. ఆ మంటను మింగడానికి కండెన్సర్ పెట్టాలని ఫ్రాన్సు శాస్త్రవేత్త ఫిజో 1853లో చెప్పాడు. వేలెడంత ఉండే ఆ డబ్బా పాత బండ్లలో ఇప్పటికీ అదే పని చేస్తోంది.

మొదటి ప్రయాణంలోనే రిపేరు

1860లో పారిస్‌లో లెన్వా అనే ఆయన గ్యాస్‌తో నడిచే ఇంజన్‌లో కాయిల్ నుంచి వచ్చే రవ్వను వాడాడు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ తీసుకున్నాడు. దానికి బ్యాటరీతో నడిచే కాయిల్ ఇగ్నిషన్ పెట్టాడు. ఇంజన్ పనుల్లో అన్నిటికంటే కష్టమైనది నిప్పు పుట్టించడమేనని ఆయన అభిప్రాయం.

ఆ మాట నిజమని ఆయన భార్య బెర్తా ప్రయాణంలో తేలింది. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు 100 కిలోమీటర్లకు పైగా బండి నడిపింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచిందని, ఇగ్నిషన్ వైరు రాసుకుపోయి ఇనుముకు తగులుతుంటే తన మేజోడు పట్టీ చుట్టిందని చెప్పుకుంటారు. మోటారు బండి మీద జరిగిన తొలి దూర ప్రయాణంలోనే ఇగ్నిషన్ వైరు ఇబ్బంది పెట్టిందన్నమాట. 130 ఏళ్లు దాటినా పాత పికప్‌లో ముందుగా వెతకాల్సింది రాసుకుపోయిన వైరు, వదులైన తగులు.

మాగ్నెటో నుంచి డిస్ట్రిబ్యూటర్ దాకా

బ్యాటరీలు అప్పట్లో బలహీనం. అందుకని జర్మనీలో బాష్ కంపెనీ బ్యాటరీ అక్కర్లేని మాగ్నెటో వైపు వెళ్లింది. 1897లో ఒక మోటారు బండికి దాన్ని అమర్చింది. 1902లో అదే కంపెనీలోని గాట్‌లోబ్ హోనోల్డ్ ప్లగ్గుతో పనిచేసే హై వోల్టేజ్ మాగ్నెటో తయారు చేశాడు. అమెరికాలో ఫోర్డ్ మోడల్ టి బండి 1908 నుంచి 1927 వరకు తయారైంది. దానిలో ఇంజన్ చక్రానికే మాగ్నెటో ఉండేది. నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిల్స్ విడివిడిగా ఉండేవి.

ఇప్పటి పాత పికప్‌ల పద్ధతికి మూలపురుషుడు చార్ల్స్ కెట్టరింగ్. ఆయన మొదట దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో ఇంజనీరు. 1909లో అమెరికాలోని డేటన్ ఊళ్లో డెల్కో కంపెనీ మొదలైంది. ఆయన చేసిన ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. 1912 మోడల్ కాడిలాక్‌కు ఆయనే ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టాడు, మనం సెల్ఫ్ అనేది అదే. సెల్ఫ్ వచ్చాక బండిలో పెద్ద బ్యాటరీ ఎలాగూ ఉండాలి. ఆ బ్యాటరీతోనే ఇగ్నిషన్ నడపడం వాడుకైంది.

కెట్టరింగ్ పద్ధతి పేరుతో స్థిరపడిన ఏర్పాటు చాలా సాదా. బ్యాటరీ, తాళం, కాయిల్, కరెంటును తెంచే పాయింట్లు, మంట మింగే కండెన్సర్, రవ్వను వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్. బెంజ్ బండికి ఒకటే సిలిండర్ కాబట్టి పంపకం అక్కర్లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3 వేల చుట్లు తిరిగితే నిమిషానికి 6 వేల రవ్వలు కావాలి, అంటే సెకనుకు 100. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఆ రవ్వను సరైన ప్లగ్గుకు అందిస్తుంది. ఈ పద్ధతి 60 ఏళ్లకు పైగా ప్రపంచంలోని పెట్రోలు బండ్లను నడిపింది.

ఎడారికి, మన ఊరికి వచ్చిన బండ్లు

ఒమన్‌లోకి మోటారు బండ్లు చమురు వెతుకులాటతో బాగా లోపలికి వచ్చాయి. 1954 ఫిబ్రవరిలో చమురు కంపెనీ బృందం దుక్మ్ తీరంలో దిగింది, తర్వాత ఫహూద్ వైపు కదిలింది. 1955 డిసెంబరులో సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ సలాలా నుంచి ఎడారి మీదుగా మోటారు బండ్ల బారుతో ఉత్తరానికి వచ్చారు. అప్పుడు జేమ్స్‌గా పిలవబడిన రచయిత్రి జాన్ మోరిస్ వెంట ప్రయాణించి, 1957లో ఆ సంగతులను పుస్తకంగా వేశారు. ఒంటెలు నడిచే దారిలో అలా బండ్ల చక్రాలు పడ్డాయి. ఆ ఎడారిలో ఇగ్నిషన్ మొరాయిస్తే దగ్గరలో గరాజ్ ఉండేది కాదు. వెంట ఉన్న మనిషికి పని తెలిసి ఉండాలి, అంతే.

1967 జులైలో ఒమన్ చమురు మొదటిసారి ఎగుమతి అయింది. 1970 జులై 23న సుల్తాన్ కాబూస్ గద్దె ఎక్కేనాటికి దేశం మొత్తంలో తారు రోడ్డు 10 కిలోమీటర్లే అంటారు. ఆ తర్వాత రోడ్లు, రేవులు, ఆస్పత్రులు, బడులు వేగంగా లేచాయి. ఆ పనులకు మనుషులను, సిమెంటును, నీళ్లను మోసింది చిన్న పికప్‌లే. టయోటా హైలక్స్ జపాన్‌లో 1968 మార్చిలో వచ్చింది, డాట్సన్ 620 పికప్ 1972లో వచ్చింది. గల్ఫ్‌లో పెట్రోలు చవక కాబట్టి ఇక్కడి పికప్‌లు ఎక్కువగా పెట్రోలువే. అందుకే డీజిల్ బండ్లకు లేని ఈ నిప్పురవ్వ తంటా మనకు ఎక్కువగా ఎదురవుతుంది.

మన వైపు కూడా ఈ కథ ఉంది. నిజాం రాజ్యంలో రైల్వే ఆధ్వర్యంలో 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జీపులు, 1950ల చివర నుంచి అంబాసిడర్ కార్లు మన పట్నాలకు వచ్చాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పెట్రోలు జీపు, పెట్రోలు అంబాసిడర్ రెండిట్లోనూ కెట్టరింగ్ పద్ధతే. కరీంనగర్, నిజామాబాద్, కడప, రాజమండ్రి షెడ్లలో మేస్త్రి దగ్గర పాయింట్లు గీకడం, గ్యాప్ పెట్టడం నేర్చుకున్న కుర్రవాళ్లు ఆ విద్యతోనే గల్ఫ్ విమానం ఎక్కారు. వాదీ కబీర్, ఘలా సనాయియాల్లో మన మెకానిక్ అన్నలు మాట్లాడే భాషలో సగం ఆ షెడ్ల భాషే.

పాయింట్లు పోయి ఇగ్నైటర్ వచ్చింది

పాయింట్లకు ఒక లోపం ఉంది. అవి అరుగుతాయి, కాలుతాయి. కొన్ని వేల కిలోమీటర్లకోసారి గ్యాప్ సరిచేయాలి. అమెరికాలో 1970 నుంచి పొగ మీద చట్టాలు బిగిసేసరికి, రవ్వ తప్పితే కాలని పెట్రోలు బయటికి పోతుందని కంపెనీలు ఆలోచనలో పడ్డాయి. 1947లో పుట్టిన ట్రాన్సిస్టర్ అప్పటికి చవకైంది. క్రైస్లర్ కంపెనీ 1973 మోడల్ బండ్లకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. పాయింట్లు చేసే తెంచే పని ట్రాన్సిస్టర్ చేస్తుంది. ఎప్పుడు తెంచాలో డిస్ట్రిబ్యూటర్‌లోని చిన్న పికప్ కాయిల్ చెబుతుంది. పేరు ఒకటే అయినా ఈ పికప్ వేరు, మన బండి వేరు. జపాన్ బండ్లలో ఆ ట్రాన్సిస్టర్ డబ్బాను ఇగ్నైటర్ అంటారు. 1980లు గడిచేకొద్దీ మన పికప్‌లలోకి కూడా అదే వచ్చింది.

2004లో వచ్చిన హైలక్స్ తరంలో, 2.7 లీటర్ల పెట్రోలు ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ లేదు. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. ఫోర్డ్ మోడల్ టిలో సిలిండర్‌కు ఒక కాయిల్ ఉండేదని చెప్పుకున్నాం కదా, చరిత్ర తిరిగి అక్కడికే వచ్చింది. అలాంటి బండ్లకు స్కానర్ పెట్టి చూడాలి. కింద రాసే వరుస డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండ్లకే.

వరుస తప్పకుండా చూడటం

ముందు జాగ్రత్త. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు బిగించి ఉండాలి. పెట్రోలు కారుతున్న చోట, కార్బురేటర్ దగ్గర రవ్వ పరీక్ష చేయకూడదు. లుంగీ, తువ్వాలు ఫ్యానుకు దూరంగా ఉండాలి. వైరును వట్టి చేత్తో పట్టుకోకూడదు, రబ్బరు పిడి ఉన్న ప్లయరుతో పట్టుకోవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరికే రాకూడదు.

మొదటి మెట్టు: ప్లగ్గు దగ్గర రవ్వ ఉందా? ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, అదనపు ప్లగ్గు ఒకటి దానికి తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. టక్ టక్‌మని నీలిరంగు రవ్వ వస్తే ఇగ్నిషన్‌కు బలం ఉన్నట్టే. పెట్రోలు వైపు, టైమింగ్ వైపు చూడాలి. రవ్వ లేకపోతే రెండో మెట్టు.

రెండో మెట్టు: కాయిల్ నుంచి రవ్వ వస్తోందా? డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలోని లావు వైరు తీసి, దాని కొన ఇనుముకు అర సెంటీమీటరు దూరంలో పెట్టి చూడాలి. మరీ దూరం పెట్టినా, గాలిలో వదిలేసినా ఇగ్నైటర్ కాలిపోవచ్చు. ఇక్కడ రవ్వ ఉండి ప్లగ్గు దగ్గర లేదంటే తప్పు పంపకంలోనే. క్యాప్ పగులు, లోపలి బొగ్గు ముక్క అరుగుదల, రోటర్ పగులు, పాత వైర్లు చూడాలి. ఈ రెండో మెట్టు ఒక్కటే సగం బండిని అనుమానం నుంచి తప్పిస్తుంది.

క్యాప్ ఊడదీసినప్పుడు సెల్ఫ్ కొట్టించి రోటర్ తిరుగుతోందా అని కూడా చూడాలి. తిరగకపోతే టైమింగ్ చైన్ లేదా బెల్టు తెగి ఉండవచ్చు, డిస్ట్రిబ్యూటర్ పళ్లు అరిగి ఉండవచ్చు. ఆ పరిస్థితిలో ఎన్ని కాయిల్స్ మార్చినా ఉపయోగం లేదు.

మూడో మెట్టు: కాయిల్ దగ్గరికి కరెంటు వస్తోందా? తాళం ఆన్ చేసి, టెస్టు బల్బు ఒక కొన ఇంజన్ ఇనుముకు, రెండో కొన కాయిల్ ప్లస్‌కు పెట్టాలి. బల్బు వెలగాలి. వెలగకపోతే ఫ్యూజు, తాళం, వైరు చూడాలి, కాయిల్‌ది తప్పు కాదు. కొన్ని పాత బండ్లలో కాయిల్ ముందు బ్యాలస్ట్ రెసిస్టర్ అనే తెల్ల పింగాణీ ముక్క ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతే మొదటి అనుమానం దాని మీదే.

నాలుగో మెట్టు: కరెంటు తెగుతోందా? బల్బును కాయిల్ మైనస్‌కు మార్చి సెల్ఫ్ కొట్టించాలి. బల్బు మిణుకు మిణుకుమంటే పాయింట్లు లేదా ఇగ్నైటర్ పని చేస్తున్నట్టు. అయినా కాయిల్ నుంచి రవ్వ లేకపోతే మధ్య వైరును, కాయిల్‌ను అనుమానించాలి. బల్బు ఆగకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా మసి పట్టాయి, లేదా ఇగ్నైటర్‌కు పిలుపు అందడం లేదు. అసలు వెలగకపోతే కాయిల్ లోపలి లావు తీగ తెగి ఉండవచ్చు, పాయింట్లు తెరుచుకోకపోవచ్చు, కండెన్సర్ షార్ట్ అయి ఉండవచ్చు. కండెన్సర్ వైరు విప్పగానే బల్బు మిణుకుతుంటే దొంగ దొరికినట్టే.

పాయింట్లకు గ్యాప్ బండి పుస్తకంలో రాసినంతే పెట్టాలి. పాత జపాన్ నాలుగు సిలిండర్ల బండ్లలో అది అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ ఉంటుంది. పాయింట్లు మాటిమాటికీ కాలుతుంటే వాటినే మారుస్తూ పోవద్దు, మంట మింగాల్సిన కండెన్సర్‌ను మార్చాలి. 1853లో ఫిజో చెప్పింది ఇదే.

ఎండ, తేమ, వరద

ఈ దేశంలో ఇంకో సంగతి కలుస్తుంది. 2018 జూన్ 26న కురియాత్‌లో రాత్రి కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. ప్రపంచంలో నమోదైన వాటిలో అదొక రికార్డు. అలాంటి వేడిలో బానెట్ కింద కాయిల్, ఇగ్నైటర్ ఎంత ఉడుకుతాయో ఊహించుకోండి. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం ఆగి, చల్లారాక మళ్లీ అందుకునే బండి ఉంటే అనుమానం ఈ రెండిటి మీదే పడాలి. చల్లారాక పరీక్షిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. ఆగిన వెంటనే, వేడి మీదే చూడాలి.

సలాలాలో ఖరీఫ్ జల్లులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడతాయి. బాతినా తీరంలో తెల్లవారుజామున ఉప్పు తేమ. తేమ పట్టిన క్యాప్ లోపల రవ్వ ప్లగ్గుకు పోకుండా పక్కదారి పడుతుంది. రాత్రిపూట బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టిస్తే క్యాప్ మీద సన్న నీలి గీతలు పాకడం కనబడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు బండి నడుస్తుంది, క్యాప్ పగిలితే మాత్రం మార్చాలి. 2007 జూన్‌లో గోను తుఫాను మస్కట్‌ను ముంచినప్పుడు ఎన్నో బండ్లు వాదీ నీటిలో మునిగాయి. అలా మునిగిన బండికి వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లో నీరు ఉంటే ఇంజనే విరుగుతుంది. ముందు ప్లగ్గులు తీసి, నీరు పోయేలా చేసి, డిస్ట్రిబ్యూటర్ ఆరబెట్టాలి.

డ్రైవరు సోదరులకు ఒక మాట

కరెంటు తెంచినప్పుడే రవ్వ పుడుతుందని కనిపెట్టినవారు, మంటను మింగించినవారు, పంపకం పెట్టినవారు ఒక్కొక్క చిక్కునే విడదీశారు. మనం కూడా అలాగే ఒక్కొక్క మెట్టు చూడాలి. టెస్టు బల్బు, అదనపు ప్లగ్గు, ఒక ప్లయరు, కాస్త ఇన్సులేషన్ టేపు బండిలో ఉంచుకుంటే చాలు. వేసవిలో ఎడారి దారిన పోయేటప్పుడు వీటితో పాటు నీళ్లు కూడా ఉండాలి. బండి ఆగితే దాన్ని వదిలి ఎండలో నడిచి పోవద్దు.

గుమాస్తాలుగా మేము ఇచ్చే సలహా ఇది. ఏ మెట్టులో ఏం చూశారో, బల్బు వెలిగిందో లేదో, తేదీతో సహా చిన్న చీటీ మీద రాయండి. ఆ చీటీ గరాజ్‌కు ఒకటి, ఆఫీసుకు ఒకటి ఇవ్వండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకుని బిల్లుతో పాటు అప్పగించండి. 'నువ్వే చెడగొట్టావు' అన్న మాటకు నోటితో ఎంత జవాబు చెప్పినా చెవికెక్కదు. తేదీ వేసిన చీటీ ఉంటే అర్బాబు కూడా ఆగి చదువుతాడు. హెల్పర్‌గా వచ్చిన తమ్ముళ్లు ఈ నాలుగు మెట్లూ చేతితో చేసి నేర్చుకుంటే, రేపు మెకానిక్ వీసాకు అడిగే పని పరీక్షలో చేయి వణకదు.